కొని బాధపడుతున్న సినిమా డిస్కులను ఏం చేయాలి?

పర్లాకిమిడిలోని మా ఇంట్లో ఒక టేకు బీరువా నిండా సినిమాలే ఉన్నాయి. అడుగు అరలో వీహెచ్ఎస్ క్యాసెట్లు, వాటిపైన వీసీడీలు, ఆ పైన డీవీడీలు, అన్నిటికన్నా పై అరలో ఇరవైకి మించని బ్లూరేలు. కిందటి వేసవిలో వాటన్నిటినీ నేలమీద పరచి లెక్కపెట్టినప్పుడు, ఒకే సినిమాను మూడు రూపాల్లో మూడుసార్లు కొన్న సందర్భాలు పదకొండు తేలాయి. ఆంధ్ర సరిహద్దుకు ఈవల, ఒడిశాలో ఉన్న మావంటి తెలుగువారికి తెలుగు సినిమా కొనుక్కోవడం వీధి చివరి దుకాణానికి వెళ్లి వచ్చినంత తేలికగా ఎప్పుడూ లేదు. మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలోనో, ఇంకా ముందుకు పోయి టెక్కలిలోనో, పెళ్లి పట్టుచీరల కోసం బరంపురం వెళ్లినప్పుడు అక్కడి బజారులోనో కంటపడినదాన్ని కంటపడినట్టే తెచ్చుకోవలసి వచ్చేది. ఏరుకునే వీలు తక్కువ, మళ్లీ దొరకదేమోనన్న భయం ఎక్కువ. నేను కొని బాధపడిన వాటిలో సగానికి పైగా ఆ భయంతో కొన్నవే.

ఇటువంటి బీరువా ఉన్నవారు చాలామంది ఏదో ఒక రోజు విసుగెత్తి మొత్తం వదిలించుకోవాలనుకుంటారు. వారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. డబ్బు పోయిందన్న బాధ నెలరోజుల్లో చల్లారుతుంది. పెట్టెలో ఉన్నది ఆ సినిమా ఏ కూర్పో (వెర్షనో), అంటే పూర్తిదా, కోసినదా, ఏ భాషదా అన్నది చూసుకోకుండా కొన్నామన్న బాధ మాత్రం డిస్కు పెట్టిన ప్రతిసారీ తిరిగివస్తుంది. అందువల్ల ఉన్నవాటిని వదిలించుకునేటప్పుడైనా, కొత్తవి కొనేటప్పుడైనా, ముందుగా పరిశీలించవలసినది ధరను కాదు, కూర్పును.

ముందు ఏదీ పారేయకండి

పదేళ్ల కిందట నేను ఒక అట్టపెట్టెడు వీసీడీలను పాత సామాను కొనేవాడికి తూకానికి ఇచ్చేశాను. డీవీడీలు వచ్చాక వాటితో పనేముందని అప్పుడు అనుకున్నాను. వాటిలో ఒక పాత జానపద చిత్రం ఉంది. దాని డీవీడీ నాకు నేటికీ దొరకలేదు. అంతర్జాలంలో కనిపించే కూర్పులో రెండు పాటలు, ఒక హాస్య ఘట్టం పూర్తిగా లేవు. బొమ్మ మసకగా ఉన్నా, ఆ పాటలు ఉన్న కూర్పు నా చేతిలోంచే పోయింది. కాబట్టి విసుగు పుట్టిన రోజున నిర్ణయం తీసుకోకండి. ఒక నోటుపుస్తకం తీసుకుని, ఒక్కొక్క డిస్కుకు ఒక్కొక్క వరుస కేటాయించి, సినిమా పేరు, అది ఏ రూపంలో ఉందో, చివరిసారి ఎప్పుడు చూశారో, దాన్ని చూస్తే ఎందుకు బాధ కలుగుతోందో రాసుకోండి. కారణాన్ని ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఆ డిస్కును పక్కన పెట్టండి. దానితో మీకున్న సమస్య బహుశా చోటు లేకపోవడమే అయి ఉంటుంది.

ఇదే సందర్భంలో మరొక మాట చెప్పాలి. క్యాసెట్ల కాలంలో మన ఇళ్లలో పెళ్లి క్యాసెట్టు మీద సినిమా, సినిమా క్యాసెట్టు మీద పెళ్లి రికార్డు చేసుకోవడం మామూలే. పైన అంటించిన చీటీని నమ్మకండి. మా వదిన సీమంతం రికార్డింగు ఒక సినిమా క్యాసెట్టు చివర ముప్పై నిమిషాల నిడివిలో దొరికింది. ప్రతి క్యాసెట్టునూ చివరిదాకా తిప్పి చూశాకే దాని సంగతి తేల్చండి. క్యాసెట్లు ఆడించే వీసీఆర్ ఇంకా పనిచేస్తున్న ఇల్లు తెలిసి ఉంటే ఈ పని ఆలస్యం చేయకూడదు. ఆ యంత్రాలను చివరిదాకా తయారుచేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి ఆపివేసింది. చెడిపోయిన దానికి విడిభాగాలు దొరకడం ఏటేటా కష్టమవుతోంది.

బొమ్మను ఎలా పరిశీలించాలి

ఎక్కువ సమయం కేటాయించవలసిన పని ఇదే. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. ఆ తరువాతి కాలంలో మన సినిమాల్లో అధిక భాగం ఆ వెడల్పు తెరకే తీశారు. సినిమాస్కోప్ బొమ్మలో ఎత్తు ఒకటైతే వెడల్పు 2.35 ఉంటుంది. పాత టీవీ తెరలో ఎత్తు ఒకటికి వెడల్పు 1.33 మాత్రమే. టీవీ నిండా కనిపించాలని బొమ్మను రెండు పక్కలా కోసి డిస్కు మీదికి ఎక్కిస్తే, ఛాయాగ్రాహకుడు చూపించదలచినదానిలో దాదాపు 43 శాతం పోతుంది. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో ఒకరి ముక్కు, మరొకరి భుజం మిగులుతాయి. దీన్ని కనిపెట్టడానికి సినిమా అంతా చూడనక్కరలేదు. మొదట వచ్చే పేర్లు చూడండి. అక్షరాలు అంచుల దగ్గర తెగిపోయినా, పేర్ల వరకు పైనా కిందా నల్లపట్టీలు ఉండి కథ మొదలుకాగానే తెర నిండిపోయినా, ఆ డిస్కులో బొమ్మను కోశారని అర్థం. అలాంటి డిస్కు మీద మీకు కలిగిన బాధ న్యాయమైనదే. మెరుగైనది దొరికినప్పుడు దాన్ని వదులుకోవచ్చు.

ఇంకొక రకం డిస్కుల్లో బొమ్మ పూర్తిగానే ఉంటుంది గాని, ఇప్పటి వెడల్పు టీవీలో నాలుగు వైపులా నల్లగా ఉండి మధ్యలో చిన్నదిగా కనిపిస్తుంది. పాత చదరపు టీవీని దృష్టిలో పెట్టుకుని నల్లపట్టీలను కూడా బొమ్మలో భాగంగానే ముద్రించడం దానికి కారణం. టీవీ రిమోటులో జూమ్ నొక్కితే బొమ్మ పెద్దదవుతుంది, కొంత మసకబారుతుంది కూడా. ఇది లోపమే అయినా, సినిమా మొత్తం ఉన్నది కనుక వీటిని నేను ఉంచుకుంటాను.

తరువాత నిడివి చూడండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో నడుస్తుంది. మన దేశంలోని పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి టీవీ సెకనుకు 25 ఫ్రేములు చూపిస్తుంది. ఆ పద్ధతిలో తయారైన డిస్కులో సినిమాను కాస్త వేగంగా నడిపి సరిపెడతారు కనుక, 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లోనే ముగుస్తుంది. ఆరు నిమిషాలు కోసేశారని నేను ఒకప్పుడు ఒక డిస్కును స్నేహితుడికి ఇచ్చేశాను. ఆ తరువాత ఈ లెక్క తెలిసింది. నూటికి నాలుగు వంతుల తేడాను కోతగా భావించకండి. పది పదిహేను నిమిషాలు తగ్గితేనే అనుమానించండి. అప్పుడు ఏ పాట, ఏ సన్నివేశం పోయిందో చూసి నోటుపుస్తకంలో రాయండి.

ఇక ఒకే డీవీడీలో మూడు సినిమాలు ఉన్న డిస్కుల విషయానికి వస్తాను. తక్కువ ధరకు ఎక్కువ వచ్చిందని ఇంటికి తెచ్చుకున్నాక అందరూ నిరాశపడేది వీటి దగ్గరే. ఒక పొర ఉన్న డీవీడీలో 4.7 గిగాబైట్లు పడతాయి. రెండున్నర గంటల సినిమా ఒక్కటే ఉంటే సెకనుకు సుమారు 4 మెగాబిట్ల సమాచారం చొప్పున దానికి దక్కుతుంది. అదే చోట మూడు సినిమాలు కుక్కితే ఒక్కొక్కదానికి సుమారు 1.4 మెగాబిట్లే మిగులుతాయి. అది దాదాపు వీసీడీకి ఉండే వేగమే. అయితే వీసీడీ చూపించవలసినది 352 నిలువు వరుసలు, 288 అడ్డ వరుసలు ఉన్న చిన్న బొమ్మ. డీవీడీ చూపించవలసినది 720కి 576, అంటే దానికి నాలుగు రెట్లు. కొద్దిపాటి అన్నాన్ని నాలుగు విస్తళ్లలో సర్దినట్టుగా, ముఖాలు ముక్కలు ముక్కలుగా, నీరూ పొగా చతురస్రాలుగా కనిపించడానికి కారణం ఇదే. డిస్కును కంప్యూటరులో పెట్టి మొత్తం పరిమాణం చూడండి. 4.7కు లోపు ఉండి మూడు సినిమాలు ఉంటే ఆశ వదులుకోవచ్చు. 8.5కు దగ్గరగా ఉంటే అది రెండు పొరల డిస్కు కనుక కొంత నయం. వీసీడీకి 74 నుంచి 80 నిమిషాలే పడతాయి. అందుకే మన సినిమాలు రెండు మూడు డిస్కులుగా వచ్చేవి. ఆ డిస్కుల్లో ఒకటి పోయి ఉన్న పెట్టెలను ఇప్పుడే వేరుచేయండి. క్లైమాక్సు లేని సినిమాను ఎవరికీ ఇవ్వలేము.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. ‘మాయాబజార్’ 1957లో వచ్చిన నలుపు తెలుపు చిత్రం. దానికి రంగులు అద్దిన కూర్పు 2010లో థియేటర్లకు వచ్చింది. ఈ రెండింటినీ ఒకటిగా లెక్కించకూడదు. అట్ట మీద రంగుల బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల రంగుల సినిమా ఉందని గాని, పేరు ఒకటే కనుక రెండోది ఉంచుకోనక్కరలేదని గాని అనుకోకండి. ఇటువంటి సినిమాలు రెండు కూర్పుల్లోనూ ఉంటే రెండూ ఉంచుకోవడమే సరి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు

గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం దుకాణాల్లో తెలుగు సినిమా అడిగితే తరచుగా హిందీ డబ్బింగు డిస్కు చేతికి వచ్చేది. అట్ట మీద కథానాయకుడి బొమ్మ చూసి కొని, ఇంటికొచ్చి పెడితే హిందీ మాటలు వినిపించేవి. డబ్బింగు కూర్పుల్లో పాటలు తీసేయడం, కొన్ని సన్నివేశాలను కుదించడం, సినిమా పేరునే మార్చడం మామూలు. ఇలాంటివి మా ఇంట్లో తొమ్మిది ఉన్నాయి. వాటి మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. కాని మా పక్కింటి ఒడియా కుటుంబంలో పిల్లలు తెలుగు అర్థం కాక మన సినిమాలకు దూరంగా ఉండేవారు. ఆ తొమ్మిదింటినీ వారికి ఇచ్చాను. వాళ్లు ఇష్టంగా చూశారు. మనకు పనికిరాని కూర్పు మరొకరి భాషలో సరైన కూర్పు కావచ్చు. సరిహద్దు ఊళ్లలో ఉన్నవారికి ఈ సౌకర్యం ఎక్కువగా ఉంటుంది, దాన్ని వాడుకోవాలి.

విదేశాల నుంచి బంధువులు తెచ్చే డిస్కులతో వేరొక సమస్య వస్తుంది. మా మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చిన ఒక ఇంగ్లీషు సినిమా డీవీడీ మా ప్లేయరులో ఆడలేదు. “మావయ్యా, డిస్కు చెడిపోయిందేమో” అని నొచ్చుకున్నాడు. డిస్కు చెడిపోలేదు. డీవీడీలకు ప్రపంచాన్ని మండలాలుగా విభజించారు. అమెరికా మొదటి మండలం, భారతదేశం అయిదవది. బ్లూరేలో అమెరికాది ‘ఏ’, మనది ‘సీ’. 4కే బ్లూరేలకు మాత్రం ఈ అడ్డంకి లేదు. అట్ట వెనుక భూగోళం బొమ్మలో ఉన్న అంకెను చూసి కొనమని ముందుగానే చెప్పండి. కంప్యూటరులోని డీవీడీ డ్రైవు మండలాన్ని మార్చుకునే వీలు అయిదుసార్లే ఉంటుంది కనుక, ఒక్క డిస్కు కోసం దాన్ని మారుస్తూ పోకండి.

అసలుదా, నకలా?

తొంభైలలోను, ఆ తరువాతి దశాబ్దంలోను సంతల్లో అమ్మిన వాటిలో నకళ్లు చాలా ఉండేవి. గుర్తుపట్టడానికి మూడు ఆనవాళ్లు చాలు. కర్మాగారంలో అచ్చువేసిన డిస్కు అడుగు భాగం వెండిలా మెరుస్తుంది. ఇంట్లో కంప్యూటరులో రాసిన డిస్కు అడుగున ఊదా లేదా నీలి ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో ఐఎఫ్‌పీఐ (IFPI, ధ్వనిముద్రణ సంస్థల అంతర్జాతీయ సమాఖ్య) అన్న చిన్న అక్షరాలు, సంఖ్య ఉంటే అది సాధారణంగా సరైన కర్మాగారం నుంచి వచ్చినది. మూడవది చట్టం చెప్పినది. కాపీరైటు చట్టం 52ఏ సెక్షను ప్రకారం, సెన్సారు కావలసిన సినిమా అయితే ఆ ధ్రువపత్రం ప్రతి, వీడియోను తయారుచేసినవారి పేరూ చిరునామా, హక్కుదారు పేరూ చిరునామా పెట్టె మీదా, సినిమా ఆడేటప్పుడు తెరమీదా కనిపించాలి. ఇవేవీ లేని డిస్కును నకలుగానే భావించండి.

నకలును అమ్మకండి, బహుమతిగా ఇవ్వకండి. సినిమాకు పనిచేసినవారి కష్టాన్ని రెండోసారి కూడా దోచినట్టవుతుంది. దానికి తోడు, రాసిన డిస్కులో సమాచారం రంగు పూత మీద ఉంటుంది. మన ఎండకూ ఉక్కకూ అది కాలక్రమాన చెడిపోతుంది. కుటుంబ వేడుకలు అలాంటి డిస్కుల మీద ఉంటే, ఈ వారమే హార్డుడిస్కులోకి ఎక్కించుకోండి.

చెడిపోయిందని తేల్చేముందు

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా అతలాకుతలమైంది. మా ఇంటి వెనుక గదిలోకి నీరు వచ్చి రెండు అట్టపెట్టెలు తడిశాయి. అన్నీ పోయాయనుకున్నాను. తీరా చూస్తే పోయినవి అట్టలు మాత్రమే, డిస్కుల్లో చాలావరకు బతికాయి. కాగితం అతుక్కున్న డిస్కును గోటితో గీకకండి. గోరువెచ్చని నీటిలో కొంతసేపు నాననిస్తే కాగితం దానంతటదే ఊడుతుంది. తరువాత కొద్దిగా సబ్బు నురుగుతో కడిగి, మెత్తని నూలుబట్టతో మధ్య నుంచి అంచు వైపుకు తుడవండి. గుండ్రంగా తుడిస్తే ఏర్పడే గీత సమాచారం ఉన్న దారి వెంటే సాగుతుంది, యంత్రం దాన్ని సరిదిద్దుకోలేదు. అడ్డంగా పడిన గీతను చాలావరకు సరిదిద్దుకోగలదు.

ఏ డిస్కుకు ఏ వైపు ప్రమాదమో కూడా తెలుసుకోవాలి. వీసీడీలో సమాచారపు పొర పేరు ముద్రించిన పై భాగానికి ఆనుకునే ఉంటుంది కనుక పైన పడిన గీతే దానికి ప్రాణాంతకం. వీసీడీని దీపానికి ఎదురుగా పట్టుకుంటే సూదిమొన రంధ్రాల్లా వెలుతురు కనిపించిందా, ఆ మేరకు సమాచారం పోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు పలకల నడుమ ఉంటుంది. బ్లూరేలో అడుగు భాగానికి మిల్లీమీటరులో పదో వంతు లోతులోనే ఉన్నా, దానిపైన గట్టి పూత ఉంటుంది. క్యాసెట్టు కిటికీలోంచి టేపు అంచున తెల్లని బూజు కనిపిస్తే దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు యంత్రంలో టేపును చదివే హెడ్డుకూ, అక్కడినుంచి తరువాత పెట్టే మంచి క్యాసెట్లకూ అంటుకుంటుంది.

తీర్పు చెప్పే రోజు

పరిశీలన అంతా అయ్యాక నోటుపుస్తకం తెరిచి మళ్లీ చదవండి. సినిమా మొత్తం ఉండి, బొమ్మ కోయకుండా, మీ దగ్గర ఉన్న యంత్రంలో ఆడుతున్న డిస్కును, అది ఎంత పాత రూపంలో ఉన్నా, ఉంచుకోవాలన్నది నా అభిప్రాయం. ఓటీటీలో ఉంది కదా అన్న మాట నేను చాలామంది నోట విన్నాను. అక్కడి సినిమాలు ఒప్పందాల గడువు తీరగానే మాయమవుతాయి, చెప్పి పోవు. అదే సినిమాకు మెరుగైన డిస్కు మీ దగ్గరే ఉంటే, తక్కువదాన్ని స్నేహితుల మధ్య మార్పిడికి పెట్టండి. మేము నలుగురం ఏటా సంక్రాంతికి పాతపట్నంలో ఒక ఇంట్లో కలిసి పెట్టెలు మార్చుకుంటాం. డబ్బు మాట రానివ్వం. ఒకరి దగ్గర మొదటి డిస్కు పోయిన వీసీడీ, మరొకరి దగ్గర రెండోది పోయిన అదే వీసీడీ కలిసి పూర్తి సినిమా అయిన సందర్భాలు రెండు ఉన్నాయి. పూర్తిగా చెడిపోయిన వాటిని మాత్రం తగలబెట్టకండి. అవి పాలీకార్బనేటు ప్లాస్టిక్కు, వాటి పొగ పీల్చదగినది కాదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి.

ఇకమీద కొనబోయేవాటి గురించి చెప్పవలసినది తక్కువే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు తెచ్చినప్పుడు మావంటివారికి పాత సినిమాలు తొలిసారి అందుబాటులోకి వచ్చాయి. ఆ రోజుల్లో సంచి నిండా కొనే అలవాటు నాకు పట్టింది. వాటిలో విప్పి చూసినవి నేటికీ ఆడుతున్నాయి. కాని కొన్నవాటిలో సగం నేను విప్పనైనా లేదు. ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. కిందటిసారి తెచ్చినదాన్ని చివరిదాకా చూడనిదే కొత్తది కొనను. కొన్న వారంలోనే మొదటి పది నిమిషాలు, విశ్రాంతికి ముందు పది నిమిషాలు, చివరి పది నిమిషాలు ఆడించి చూస్తాను. లోపం ఉంటే మార్చి ఇమ్మని అడిగే హక్కు అప్పుడే ఉంటుంది, మూడేళ్ల తరువాత ప్లాస్టిక్కు చింపి చూస్తే ఉండదు. ప్రతి పెట్టెలోపల ఒక చీటీ మీద నిడివి, బొమ్మ కోశారా లేదా, భాష, ఆడించి చూసిన తేదీ రాసి పెడుతున్నాను. ఏటా తుఫానుల కాలం దాటి గాలి పొడిబారాక బీరువా తలుపులు తెరిచి, డిస్కులను నిలువుగా మళ్లీ సర్ది, ఆ చీటీల మీద కొత్త తేదీ వేస్తాను.